దస్త్రాల్లో ఎండుమిరపకాయలు

తిరుపతిలో మా యూనివర్సిటీకి చరిత్రంటూ ఒకటి మిగిలి ఉందంటే అది నా చలవే. ఈ మాట నేను పెళ్లిళ్లలో చెప్పాను, పింఛను ఆఫీసు వరండాలో చెప్పాను, ఒకసారి చిత్తూరు బస్సులో పక్క సీటాయన్ను పాకాల దాటేదాకా నిద్రపోనివ్వకుండా చెప్పాను. పాత దస్త్రాలన్నీ తూకానికి అమ్మెయ్యమని చెప్పబోయిన పెద్ద అధికారి ఒకాయన నా వాదన విని, నా ఎదుటే కళ్లనీళ్లు పెట్టుకుని, "అబ్బాయ్, నువ్వు లేకపోతే ఎంత పాపం చేసేవాణ్ని" అన్నాడని కూడా చెప్పాను. ఎవరైనా ఆ అధికారి పేరు అడిగితే, పోయిన పెద్దమనిషి, పేరెందుకులెండి అని మర్యాదగా తప్పుకున్నాను. ఇందులో కళ్లనీళ్లు నిజం. మిగతాది వరసగా చెబుతాను, ఎక్కడ గాలి కొట్టానో అక్కడే ఆగి ఒప్పుకుంటాను. ఈ వయసులో అబద్ధం మోయడం కష్టంగా ఉంది, గుర్తుపెట్టుకోవాల్సింది ఎక్కువ.

పోయిన నెల ఓ మధ్యాహ్నం చిత్తూరులో మా ఇంటికి ఒక అమ్మాయి వచ్చింది. పేరు ప్రశాంతి, ఊరు ఏర్పేడు. యూనివర్సిటీలో పాత కాగితాలన్నీ ఒకచోట చేర్చి, శుభ్రం చేసి, ఫొటోలు తీసి భద్రపరచడానికి కొత్తగా ఒక విభాగం పెట్టారట, అందులో ఉద్యోగం. మంచినీళ్లు తాగి, బ్యాగులోంచి చిన్న ప్లాస్టిక్ కవరు తీసి టీపాయ్ మీద పెట్టింది. అందులో రంగు వెలిసిన తొక్కలు, కాసిని గింజలు ఉన్నాయి. కొండ మీది ప్రసాదమేమో అనుకుని కళ్లకద్దుకోబోయాను. "సార్, అవి ఎండుమిరపకాయలు" అంది. యూనివర్సిటీ తొలి రోజుల కట్టలు విప్పుతుంటే ప్రతి కట్టలోంచీ ఇవే రాలుతున్నాయట. ఎవరో గుమాస్తా అన్నం తింటూ రాల్చుకుని ఉంటాడని వాళ్ల పైఅధికారి అభిప్రాయం. అన్ని కట్టల మీదా కూర్చుని తిన్న గుమాస్తా ఎవరబ్బా అని ఈ అమ్మాయికి సందేహం. కట్టలకు వేలాడే అట్టముక్కల మీద మా మునిరత్నం మామ సంతకం ఉంది. ఆయన అల్లుడు చిత్తూరులో ఇంకా బతికే ఉన్నాడని ఎవరో చెబితే బస్సెక్కి వచ్చేసింది. ఆ కాలం కాగితాలు తక్కిన సెక్షన్లలో దాదాపు ఏమీ మిగల్లేదనీ, ఈ కట్టలు మాత్రం ఎట్లా మిగిలాయో చెబితే నా గొంతుతోనే దాచిపెడతామనీ అంది. ఫోను నా ముందు పెట్టి ఎర్ర చుక్క నొక్కింది. ఎదురుగా ఎర్ర చుక్క వెలుగుతుంటే నా నోరు ఆగుతుందా. మా ఆవిడ కస్తూరి వంటింట్లో ఊరగాయకు మామిడికాయలు ముక్కలు కొడుతోంది. ఆమె ఆ మునిరత్నం మామ కూతురే. కానీ కత్తిపీట చప్పుడులో నా మాటలు వినపడవులే అన్న ధైర్యంతో మొదలుపెట్టాను.

మాది వడమాలపేట పక్కన చిన్న పల్లె. నాయన చెరుకు వేసేవాడు. నన్ను ఎమ్మే దాకా చదివించాలన్న పట్టుదల అమ్మది. హాస్టల్లో వేస్తే చెడిపోతానని అమ్మకు భయం, హాస్టల్లో అన్నం చాలదని నాకు భయం. రెండు భయాలూ కలిసి నన్ను మామ ఇంట్లో దించాయి. మునిరత్నం మామ అమ్మకు తమ్ముడు, యూనివర్సిటీలో రికార్డు అసిస్టెంటు. గోవిందరాజస్వామి గుడి వెనక సందులో పాతకాలం మిద్దె ఇల్లు ఆయనది. ఆ ఇంట్లో విడిగా ఉండే వస్తువంటూ ఏదీ ఉండేది కాదు. కట్టి ఉండాలి. చదివేసిన పేపర్లు ఒక కట్ట, పాత పంచాంగాలు ఒక కట్ట, వంటచెరుకు ఒక కట్ట, ఆఖరికి విరిగిన గొడుగు కమ్ములు కూడా ఒక కట్ట. ప్రతి కట్టకూ అట్టముక్క, దాని మీద లోపల ఏముందో గుండ్రటి అక్షరాల్లో రాత. ఆ కట్టలకు ఆయన వేసే ముడి ఒకటుండేది. తెలిసినవాడు సరైన కొస పట్టి లాగితే చేతిలోకి జారి వచ్చేస్తుంది, తెలియనివాడు రెండో కొస లాగితే ఇంకా బిగుసుకుంటుంది. ఊరగాయ జాడీల మూతిగుడ్డలకూ, దోసె పిండి గిన్నెకూ కూడా అదే ముడి. నేను చేరిన కొత్తలో ఒకరోజు పిండి గిన్నె గుడ్డ విప్పలేక, అత్త గుడి నుంచి వచ్చేలోగా క్లాసు వేళయిపోతే, ఖాళీ కడుపుతో కాలేజీకి పోయాను. సాయంత్రం మామ ఆ సంగతి విని బాధపడలేదు సరికదా, ముడి బాగా పనిచేస్తోందని సంతోషించాడు.

మా అత్త రాజమ్మకు ఆఫీసంటే ఏమిటో మామ ఒంటి వాసన ద్వారానే తెలుసు. పాత కాగితం, ఎండు వేపాకు, వసకొమ్ము, చెమట కలిసిన వాసన అది. ఆయన ఇంట్లో అడుగుపెట్టగానే బావి దగ్గరికి పొమ్మనేది. కాగితాలు అతికించే జిగురు మామ ఇంట్లోనే కాచేవాడు. మైదాపిండిలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవాడు. అది విషం గనుక ఆ గిన్నె పెరట్లో విడిగా వేలాడేది. పొరపాటున ఎవరూ అందులో పాలు కాచకుండా అత్త దాని మీద బొగ్గుతో మామ మీసాలు గీసింది. చిన్న పిల్లలు కూడా ఆ గిన్నెను ముట్టుకునేవాళ్లు కాదు. కస్తూరి అప్పుడు పరికిణీలో, రెండు జడలతో, మధ్యాహ్నం కాగానే వాళ్ల నాయనకు క్యారియర్ పట్టుకుని యూనివర్సిటీ దాకా నడిచేది. దారిలో నేను కనపడితే క్యారియర్ నన్ను మోయమనేది. నేను మోసేవాణ్ని. ప్రేమతో మోశానని ఇప్పుడు చెబుతుంటాను గానీ, పై గిన్నెలో అప్పడాలు ఉండేవి.

రికార్డు గది మొదటి అంతస్తులో, మెట్ల పక్కన ఉండేది. ఒక్క కిటికీ, అందులోంచి కొండ. నేల మీద నుంచి పైకప్పు దాకా ఎర్ర గుడ్డ చుట్టిన కట్టలు. ఆ గదిలో కూర్చుని యూనివర్సిటీ చరిత్ర మొత్తం చదివేశానని చాలామందితో అన్నాను. ఒప్పుకుంటున్నాను, నేను అక్కడ నిద్రపోయేవాణ్ని. ఎండాకాలం ఆ నేల చల్లగా ఉండేది, ఒక మోస్తరు లావున్న కట్ట తల కింద పెట్టుకుంటే అంతకు మించిన సుఖం లేదు. నిద్ర పట్టని రోజుల్లో మాత్రం ఏదో ఒక కట్ట విప్పేవాణ్ని. హాస్టల్ సాంబారు మరీ నీళ్లగా ఉందని మొదటి బ్యాచి కుర్రాళ్లు అందరూ సంతకాలు పెట్టిన అర్జీ, క్లాసులో పాము దూరినందువల్ల పాఠం సగంలో ఆగిందని ఓ ప్రొఫెసరు ఇచ్చుకున్న సంజాయిషీ, కొత్తగా నాటిన మొక్కలకు నీళ్లు పోసే మనిషికి చెప్పులు ఇప్పించమని ఒకాయన సిఫార్సు, ఆ సిఫార్సు మీద వేరొకాయన "మొక్కలు బతికిన తర్వాత చూద్దాం" అని రాసిన మాట. మామ వీటిని చదవమని ఎప్పుడూ అనలేదు. ఏ కాగితం ఏ కట్టలోంచి తీశానో మళ్లీ అందులోనే పెట్టానా లేదా అన్నదొక్కటే ఆయన దిగులు.

అట్లాంటి రోజుల్లో కొత్త అధికారి ఒకాయన వచ్చాడు. ఆయనది కోస్తా అని నేను చెబుతుంటాను. అట్లా చెబితే మా వైపు వాళ్లకు కథ రుచిగా ఉంటుంది. నిజానికి ఆయనది పుత్తూరు అవతలే. మనిషి చెడ్డవాడేం కాదు, స్థలం లేక సతమతమవుతున్నాడు. పరీక్షల జవాబు పత్రాలు పెట్టడానికి గది కావాలి. ఓ శుక్రవారం రికార్డు గదికి వచ్చి, చేతికందిన కట్ట ఒకటి లాగితే కింది వైపంతా జల్లెడలా ఉంది. వెండిరంగు పురుగులు నాలుగు ఆయన చొక్కా చేతి మీదికి పాకాయట. ఎవరూ అడగని కాగితాలకు, అందులోనూ పురుగులు తినే కాగితాలకు ఇంత గది దేనికని అడిగాడు. సోమవారం మళ్లీ వస్తాననీ, అప్పటికీ ఇట్లాగే ఉంటే మొత్తం పాత కాగితాల వ్యాపారికి తూకం వేయించి గది ఖాళీ చేయిస్తాననీ చెప్పి వెళ్లాడు. మామకు అధికారుల ముందు మాట పెగలదు. సరే సార్ అని వచ్చేశాడు.

ఆ సాయంత్రం ఆయన బావి దగ్గరికి పోలేదు. అట్లాగే వచ్చి గడప మీద కూర్చున్నాడు. అత్త అన్నానికి లేవమంటే లేవలేదు. సంగతంతా ముక్కలు ముక్కలుగా బయటపడింది. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఆయన చేతులతో కట్టిన కట్టలు అవి. కస్తూరి పుట్టిన రోజున కూడా ఆ గదిలోనే ఉన్నాడని అత్త దెప్పేది. నేను ధైర్యం చెప్పబోయాను, కానీ నాకు ఆ వయసులో సినిమా మాటలు తప్ప వేరే మాటలు తెలియవు. అత్త మాత్రం చేటలో కందులు చెరుగుతూ, తలెత్తకుండా, పురుగు యాడ పట్టింది, అట్టలకా, కాగితాలకా అని అడిగింది. రెండింటికీ అన్నాడు మామ.

"కందులకు పురుగు పడితే కుప్పతొట్లో పోస్తామా? ఎండకేసి, జల్లించి, మిరపకాయలేసి పెట్టుకుంటాము. నీ కాయితాలు కందులకన్నా గొప్పవా ఏంది. ఈడికి తీసకరా. మిద్దె మీద ఎండకేస్తాను."

"గవర్నమెంటు కాయితాలు మే అవి. గేటు దాటించినానని తెలిస్తే నా ఉద్యోగం పోతాది."

"సోమవారం కాయితాలు పొయినాక ఆ గదిలో నీకేం ఉద్యోగం ఉంటాది? ఈగలు తోలతావా?"

మామ లేచి, కాళ్లు కడుక్కుని, అన్నం తిన్నాడు. తెల్లారి శనివారం, ఆఫీసు ఒంటిపూట. మధ్యాహ్నం అందరూ వెళ్లాక, తొలి సంవత్సరాల కట్టలు, అన్నిటికన్నా ఎక్కువ పురుగు పట్టినవి, జట్కాలో మా ఇంటికి వచ్చాయి. వాచ్‌మన్ అడిగితే మామకు అబద్ధం రాదు గనుక ఆ పని నాకు అప్పజెప్పాడు. బండిలో ఉన్నది మా చెల్లెలి పెళ్లికి బట్టలని చెప్పాను. ఆయన ఎర్రగుడ్డల్ని చూసి, అన్నీ ఒకే రంగా అన్నాడు. మా వైపు ఆచారం అన్నాను. ఇందులో గాలి లేదు, ఇట్లాగే జరిగింది.

నడి వేసవి, కత్తిరి ఎండలు అవి. మిద్దె మీద ఒక వైపు అత్త పెట్టిన సగ్గుబియ్యం వడియాలు, ఇంకో వైపు యూనివర్సిటీ. కాగితాలు ఎగిరిపోకుండా ఒక్కోదాని మీద ఒక్కో గులకరాయి పెట్టాం. మామ ఒక వరస పరుస్తుంటే అత్త వెనకనుంచి వచ్చి, వడియాలను తిప్పేసినట్టే కాగితాలనూ తిరగేసేది. ఎండ తగిలేకొద్దీ పురుగులు బయటికి పాకేవి, కస్తూరి వాటిని వేపమండతో చిమ్మేది. నన్ను కర్ర ఇచ్చి కోతులకు కాపలా పెట్టారు. కొండ దిగి వచ్చిన కోతుల మంద మీద నేను ఒంటరిగా యుద్ధం చేశాననీ, ఒక గండుకోతి నోట్లోంచి సెనేటు తీర్మానం లాక్కున్నాననీ ప్రశాంతికి చెప్పాను. ఆ అమ్మాయి కళ్లు పెద్దవి చేసుకుని వింటుంటే సిగ్గేసి అక్కడికక్కడే సవరించాను. వచ్చింది ఒకే కోతి, ముసలిది. అది కాగితాల వైపు చూడను కూడా చూడలేదు. వడియాలు తినిపోయింది. నేను నీటితొట్టి వెనక దాక్కున్నాను.

ఆదివారం సాయంత్రానికి కాగితాలు అప్పడాల్లా గలగలమంటున్నాయి. మామ ఒక్కొక్కటీ దాని వరసలో పేర్చి ఎర్రగుడ్డలో పెడుతుంటే, అత్త కొంగులో ఎండుమిరపకాయలు పోసుకుని వచ్చి కూర్చుంది. ఫైలుకూ ఫైలుకూ మధ్య వేపాకు రెబ్బ, రెండు మిరపకాయలు. ఉత్తినే పెడితే ఘాటు దిగదని తుంచి మరీ పెట్టింది. మామ వద్దని ఎంతో చెప్పి చూశాడు. ఆఫీసులో వసకొమ్ము, వేపాకు పెట్టడం ఉంది గానీ మిరపకాయల పద్ధతి లేదన్నాడు. నీ పద్ధతికే కదా పురుగు పట్టింది అందామె. చీకటి పడేలోగా కట్టలన్నిటికీ ఆ ముడి పడింది. సోమవారం ఆఫీసు తెరవకముందే అదే జట్కాలో తిరిగి వెళ్లాయి. పెళ్లి ఆగిపోయిందా అని వాచ్‌మన్ నన్ను జాలిగా అడిగాడు.

ఇప్పుడు కళ్లనీళ్ల సంగతి. నేను నిలబడి చరిత్ర అంటే ఏమిటో ఉపన్యాసం ఇవ్వలేదు. అసలు గదిలోనే లేను. తలుపు బయట వరండాలో స్తంభాన్ని ఆనుకుని ఉన్నాను. అధికారి వచ్చాడు, పై వరసలో కట్ట ఒకటి తీయమన్నాడు, మామ కొస పట్టి లాగాడు, ముడి జారింది. దుమ్ము ఉందో లేదో చూడడానికి ఆయన ఫైలు మీద అరచేత్తో గట్టిగా చరిచాడు. అంతే, తుమ్ము మొదలైంది. ఒకటి కాదు, రెండు కాదు, ఊపిరి తీసుకునే సందు లేకుండా తుమ్ముతూ, చేత్తో కళ్లు నులుముకున్నాడు. నులుముకోకుండా ఉండాల్సింది. ఎర్రటి కళ్లతో, ధారగా నీళ్లు కారుతూ, నా పక్కనుంచే వరండా చివరి కుళాయి వైపు పరిగెత్తాడు. ఆయన నన్ను చూడలేదు. నేను మాత్రం ఆయన్ను బాగా చూశాను. కట్టలు మాత్రం అమ్ముడుపోలేదు. మా అత్త మిరపకాయల దెబ్బకు ఒక పెద్ద అధికారి పారిపోయాడు, చరిత్ర మిగిలింది. అసలు కథ ఇదమ్మా అని ప్రశాంతికి చెప్పి, గుండె బరువు దిగినట్టు వెనక్కి వాలాను.

ఆ అమ్మాయి నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. తర్వాత తన ఫోనులో ఇప్పటి గది చూపించింది. చల్లటి గది, తెల్లటి అట్టపెట్టెలు, చేతులకు తొడుగులు వేసుకుని పేజీ తిప్పే పిల్లలు, పైనుంచి వెలుగు పడే యంత్రం. మిరపకాయల నూనె వల్ల కొన్ని పేజీల మీద మరకలు పడ్డాయనీ, ఇప్పుడు గనక ఎవరైనా అట్లా చేస్తే ఉద్యోగం ఊడుతుందనీ చెప్పింది. ఆ మరకలు కూడా చూపించింది. సాంబారు అర్జీ మీద ఒకటి పడింది, సరైన చోటే పడింది. మా కాలంలో కాగితం చావాలంటే చెదలు, వాన, పొయ్యి ఏదో ఒకటి రావాలి, ఇప్పుడు పాస్‌వర్డ్ మరిచిపోతే చాలు అని ఒక గొప్ప మాట అనబోయాను. నా మనవరాలి బారసాల ఫొటోలన్నీ ఫోనుతో సహా బకెట్లో పడి పోయిన కోపం నాలో ఇంకా ఉంది. కానీ ఆ రోజుల్లో నేను చదివిన ఇంకొక కాగితం గుర్తొచ్చి ఆగాను. వేరే సెక్షన్లలో మామలాంటి పిచ్చివాడు లేడు. వాళ్ల కాగితాలు నిజంగానే తూకానికి పోయాయి. స్టేషన్ దగ్గర మిరపకాయ బజ్జీలు కొంటే, చుట్టి ఇచ్చిన కాగితం మీద ఎవరిదో మొదటి ఉద్యోగపు ఉత్తర్వు, నూనెలో తడిసి, పేరు దగ్గర చిరిగి ఉంది. బజ్జీలు తిన్నాను, కాగితం పారేశాను. ఆ మనిషి యూనివర్సిటీలో ఏ పని చేశాడో ఇక ఎవరికీ తెలియదు. తెల్ల పెట్టెలు, చేతి తొడుగులు ఉన్న ఈ కాలమే మేలని నా నోటితో నేను అనను గానీ, ఆ పేరు చిరిగినతని తరఫున అనాల్సి వస్తే అంటాను.

ప్రశాంతి ఫోను ఇంకా ఆపలేదు. ఏదో ఆలోచిస్తోంది.

"సార్, తుమ్మినంత మాత్రాన ఆయన వదిలేస్తాడా? ఇంకో మనిషిని పంపించి అమ్మించొచ్చు కదా. గది కావాలి కదా ఆయనకు."

ఇన్నేళ్లలో ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. భయపడి ఉంటాడమ్మా అన్నాను. ఎండుమిరపకాయలకా సార్ అంది. వంటింట్లో కత్తిపీట చప్పుడు ఆగి చాలాసేపయిందని అప్పుడు గమనించాను. కస్తూరి చేతులు కొంగుతో తుడుచుకుంటూ వచ్చి, నా వైపు చూడకుండా, ఆ అమ్మాయి పక్కన కూర్చుంది.

"ఆయప్ప యాడికీ పారిపోలా పాపా. మొగం కడుక్కోని మల్ల వచ్చినాడు. కిటికీ తెరిపించి, అదే కట్ట ముందరేసుకోని కూసున్నాడు. యాడన్నా పురుగుంటాదేమోనని ఒగొగ పేజీ తిప్పినాడు, తిప్పతా తిప్పతా సదవబట్టినాడు. నేను క్యారియర్ తీసకపొయ్యేటప్పటికి మా నాయన పక్కన నిలబడుండాడు, ఆయప్పేమో సదవతా నవ్వతా ఉండాడు. ఇద్దరూ ఆ క్యారియర్లోనే తిన్నారు. సాయంత్రం దాకా సదివి, ఇవి ఉండనీ మునిరత్నం, పరీక్షల కాయితాలకు ఇంకో గది సూస్తాను అన్నాడు. మా నాయన ఆ పొద్దు ఇంటికొచ్చి ఏడ్సినాడు."

ప్రశాంతి ఫోనును నా ముందు నుంచి నెమ్మదిగా జరిపి కస్తూరి ముందు పెట్టింది. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదా అమ్మా అని అడిగింది.

"నన్నెవురడిగినారు పాపా. అందురూ ఈయన్నే గదా అడిగేది."

నాకు ఎక్కడో ఒకచోట నిలబడాలనిపించింది. కనీసం కుళాయి దగ్గరైనా.

"పరిగెత్తింది నిజమే కదా కస్తూరీ. నా కండ్లతో సూసినాను."

"నువ్వు సూసింది కుళాయి దాకానే బావా" అంది. "ఆడ్నుంచి నువ్వు మాట్నీకి పొయినావు."